రెండు చేతులకీ రెండు వాచీలు

మా తమ్ముడికి ఏ వస్తువైనా రెండు పక్కపక్కన పెట్టి చూడందే కొనడం చేతకాదు. చెప్పులు కొనడానికి వెళితే కుడి కాలికి ఒక రకం, ఎడమ కాలికి ఇంకో రకం తొడుక్కుని కొట్టంతా తిరుగుతాడు. ఫ్యాను కొనాలంటే రెండు ఫ్యాన్ల కింద కాసేపు కాసేపు నిలబడి, ఏ గాలి బాగుందో కళ్ళు మూసుకుని చెబుతాడు. ఒక్క పెళ్ళాం విషయంలోనే పోల్చి చూడకుండా ఒప్పేసుకున్నాడని మా మరదలు ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

అలాంటి మనిషి ఒక సాయంత్రం మా ఇంటికొచ్చి, సంచిలోంచి రెండు పెట్టెలు తీసి భోజనాల బల్ల మీద పెట్టాడు.

"అక్కా, చేతులు తుడుచుకుని రా. ఇవి మామూలు వాచీలు కాదు. రెండూ స్విస్సు."

"కొనేశావా?"

"కొనేస్తే రెండెందుకుంటాయి? చూడ్డానికి తెచ్చాను. ఆ వాచీల షాపు ఉన్న బిల్డింగులో లిఫ్టు చూసేది నేనే కదా. వారం పెట్టుకుని చూసి, నచ్చింది ఉంచుకుని రెండోది తెచ్చిచ్చెయ్యమన్నాడాయన."

"గీత పడితే?"

"పడదు."

"దొంగలొస్తే?"

"మీకు లిఫ్టు లేదు, మెట్లేమో ఇంత ఎత్తున ఉన్నాయి. దొంగకి మాత్రం మోకాళ్ళుండవా అక్కా?"

వాచీలు మా అబ్బాయికి. తమ్ముడికి పిల్లల్లేరు. వీడు పుట్టినప్పటి నుంచి అల్లుడూ అల్లుడూ అంటూ భుజాన వేసుకు తిరిగాడు. మా ఆయన పోయాక మరీను. ఉద్యోగం ఖాయమైన రోజున జన్మంతా పెట్టుకునే వాచీ కొనిస్తానని ఎప్పుడో మాటిచ్చాడు. ఉద్యోగం ఖాయమైందని తమ్ముడితో చెప్పింది నేనే.

ఒక పెట్టెలో నల్లముఖం వాచీ. లావుపాటి స్టీలు గొలుసు, అంచున తిరిగే చక్రం, చీకట్లో మెరిసే ముళ్ళు. నీళ్ళలో మునిగినా దానికేమీ కాదట. రెండో పెట్టెలో తెల్లది. పల్చగా, తోలు పట్టీతో, పెద్దమనిషిలా ఉంది. దాని వీపున అద్దం. అద్దంలోంచి చూస్తే అర్ధచంద్రం లాంటి బిళ్ళ ఒకటి అటూ ఇటూ ఊగుతోంది.

"దీనికి బ్యాటరీ ఎక్కడ వేస్తారు?"

"వెయ్యరు. గొప్పంతా అక్కడే ఉంది. చెయ్యి కదిలితే ఈ బిళ్ళ తిరుగుతుంది. బిళ్ళ తిరిగితే లోపల స్ప్రింగు చుట్టుకుంటుంది. మనిషి కదులుతున్నంతకాలం వాచీ నడుస్తుంది. తీసి పక్కన పడేస్తే కాసేపు నడిచి ఆగిపోతుంది."

ఆ తర్వాత కూడా వాడు చాలా చెప్పాడు. ముందు నల్లది పెట్టుకోమని, తర్వాత అది తీసేసి తెల్లది పెట్టుకోమని, టైము ముందుకు పోతోందో వెనక్కి పోతోందో ఫోనుతో పోల్చి చూడమని. తీసి పెడితే నల్లది ఒకటిన్నర రోజు నడుస్తుందట, తెల్లది మూడు రోజులకు పైనే నడుస్తుందట, అదీ తేల్చాలని. నాకేమీ చెవికెక్కలేదు. మనిషి కదులుతున్నంతకాలం అన్న మాట దగ్గరే నా బుర్ర ఆగిపోయింది.

"ఇంతకీ అల్లుడేడి?"

"మీటింగులో ఉన్నాడురా. ఇంటి నుంచే కదా వాడి పని."

తమ్ముడు మూసి ఉన్న తలుపు వైపు తిరిగి గొంతెత్తాడు. "అల్లుడూ! బాసుని ఒక్క నిమిషం కూర్చోబెట్టి బయటికి రా, ఆ చెయ్యొకసారి చూపించి పోదువుగాని!"

లోపల మంచం కిర్రుమంది.

"కుర్చీ," అన్నాను. నన్నెవరూ అడగలేదు.

తమ్ముడు వెళ్ళాక తలుపు తోసి చూశాను. గోడవైపు తిరిగి, దుప్పటి చెవులదాకా లాక్కుని పడుకుని ఉన్నాడు. మీటింగూ లేదు, బాసూ లేడు. ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో చేరిన పిల్లాడు ఒకరోజు మధ్యాహ్నం వేళే ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా పడుకున్నాడు. మర్నాడు పనికి పోలేదు. ఆ వారమంతా లేవలేదు. ఆఫీసువాళ్ళు కొన్నాళ్ళు ఫోన్లు చేసి మానేశారు. తిండి పెడితే నాలుగు ముద్దలు తింటాడు, పెట్టకపోతే అడగడు. స్నానం చెయ్యమంటే ఊఁ అంటాడు. ఆ ఊఁ తప్ప వేరే మాట లేదు.

నాది మొదటి నుంచీ గోరంతను కొండంత చేసుకునే బుద్ధి. ఫోను ఎత్తకపోతే ఆస్పత్రి దాకా, దగ్గు వస్తే ఎక్స్‌రే దాకా వెళ్ళిపోతుంది నా ఆలోచన. అలాంటిది ఈ విషయంలో నాకు తోచిన ఆలోచనను మాటల్లో పెట్టే ధైర్యం కూడా లేకపోయింది. వాడు నీళ్ళ గదికి వెళ్ళినప్పుడు వాడి గది లోపలి గడియ స్క్రూలు విప్పి తీసేశాను. తుప్పు పట్టిందిరా, కొత్తది వేయిస్తాను అన్నాను. వాడు ఊఁ అన్నాడు.

అయినా ఎవరికీ చెప్పలేదు. మగపిల్లాడు, ఒంటికి ఏ రోగమూ లేదు, పొద్దస్తమానం పడుకుంటాడు అంటే ఏమంటారు? తల్లి గారాబం అంటారు. బద్ధకం అంటారు. ఇంకాస్త దూరం వెళ్ళి పిచ్చి అంటారు. ఆ మాట ఒకసారి ఇంటికి అంటుకుంటే వదులుతుందా? అందుకని ఇంటి నుంచే పని అన్నాను. ఆ అబద్ధం పాతబడిపోతోందనిపించి ఉద్యోగం ఖాయమైంది అని కలిపాను. అబద్ధం కూడా కూర లాంటిదే, రెండో రోజుకి కొంచెం తాలింపు వేస్తే గాని మింగుడు పడదు.

వాచీలు రెండూ వాడి మంచం పక్క బల్ల మీద పెట్టాను.

"మామయ్య తెచ్చాడు కన్నా. ముందు నల్లది పెట్టుకోవాలట."

"ఊఁ."

నేను పనికి పోయే ముందు రోజూ వాడి గుమ్మంలో నిలబడి చూస్తాను. దుప్పటి లేస్తోందా, దిగుతోందా అని. లేచి దిగడం కనబడ్డాకే మెట్లు దిగుతాను. అలా చూస్తున్న ఒక పొద్దున నా కళ్ళు బల్ల మీద పడ్డాయి. నల్ల వాచీలో సెకన్ల ముల్లు కదలడం లేదు. వెంటనే వాడి దుప్పటి వైపు చూశాను. ఒక్క క్షణం అదీ కదిలినట్టు కనబడలేదు. నా చేతిలో అన్నం గిన్నె ఉంది, అది జారి కింద పడింది. ఆ చప్పుడుకి వాడు ఇటు తిరిగి, మళ్ళీ అటు తిరిగి పడుకున్నాడు.

వాచీ తీసుకుని వంటింట్లోకి వచ్చి జ్వరం కొలిచే గొట్టం విదిలించినట్టు విదిలించాను. ముల్లు నడక మొదలుపెట్టింది. ఫోను చూసి టైము సరిచేశాను. ఆదివారం తమ్ముడు వచ్చేసరికి ఇది ఇలా ఆగి కనిపిస్తే ఇంకేమైనా ఉందా? చెయ్యే కదపడా మీ వాడు అని అడిగితే ఏం చెప్పను? రెండోది మాత్రం ఆగకుండా ఉంటుందా? నల్లది ఎడమ చేతికి, తెల్లది కుడి చేతికి పెట్టుకుని, పని కోటు చేతులు కిందికి లాగి బొత్తాలు పెట్టుకున్నాను.

నేను చేసేది హోటళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీలో, మడతల విభాగంలో. పెద్ద దుప్పట్లను ఒక్కరు మడవలేరు. ఇద్దరు చెరో అంచు పట్టుకుని, ఒక్కసారి గాల్లోకి విసిరి, ఎదురెదురు నడిచి మడత కలపాలి. నా జంట మనిషిని అందరూ పొడుగమ్మ అంటారు. ఆమె చెయ్యెత్తితే నేను మునివేళ్ళ మీద నిలబడాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ విసుర్లకి నా చేతుల్లోని బిళ్ళలు గిరగిరా తిరిగి ఉంటాయి. ఏ వాచీకీ అంత రాజభోగం పట్టి ఉండదు.

మధ్యాహ్నానికే పట్టుబడ్డాను. నల్లవాచీ గొలుసు దుప్పటి అంచుకి తగులుకుంది. పొడుగమ్మ నా కోటు చెయ్యి పైకి లాగింది.

"అమ్మో, ఏంటిది? వాచీయే? ఇంత పెద్దదా? చెయ్యి కంటే ఇదే బరువుంది."

"మా తమ్ముడిది. నడుస్తుందో లేదో చూడమన్నాడు."

అనుమానం వచ్చి రెండో చెయ్యి కూడా లాగింది. ఇక చూడాలి ఆమె నవ్వు. ఇస్త్రీ దగ్గర వాళ్ళందరినీ పిలిచింది. "రండర్రా, మా వదిన రైల్వే స్టేషను పెట్టింది! వచ్చే బండికో గడియారం, పోయే బండికో గడియారం!"

సూపర్‌వైజరు కూడా వచ్చాడు. "ఏమ్మా, డ్యూటీ దిగే టైము ఏ చేతిలో ముందొస్తే ఆ చెయ్యి చూసుకుని పోదామనా?"

అందరితోపాటు నేనూ నవ్వాను. లోపల మాత్రం తేలు కుట్టిన దొంగలా ఉంది నా పని. వాళ్ళు నవ్వింది వాచీలకి. వాటి వెనకున్న గదిని నేను ఒక్కదాన్నే చూస్తున్నాను.

రాత్రి వాచీలు వాడి బల్ల మీదే పెట్టి, పొద్దున్నే మళ్ళీ తీసుకునేదాన్ని. రోజూ సాయంత్రం తమ్ముడు ఫోను చేసేవాడు.

"ఎలా ఉందట అక్కా?"

"నల్లది కాస్త ముందుకి పోతోందట."

"ఎంత?"

"కొద్దిగానే. బస్సు తప్పిపోయేంత కాదట."

"భలే! అల్లుడు బాగా చూస్తున్నాడే. బరువెలా ఉందట?"

"మొదట్లో బరువనిపించి తర్వాత అలవాటైందట. కానీ చొక్కా చేతికి అస్తమానం తట్టుకుంటుందట."

"చూశావా, ఇవన్నీ పెట్టుకుంటే గాని తెలియవు. వాడికి ఫోనివ్వు ఒకసారి."

"ఇప్పుడే స్నానానికి వెళ్ళాడురా."

ప్రతి మాట చివరా ఒక 'ట' పెట్టి నా ఒంటి మీది సంగతులన్నీ వాడి ఒంటి మీదికి తోసేశాను. నిజానికి ఆ రెండు వాచీల గుణాలు నాకు అంత బాగా తెలిసిపోయాయి. నల్లది మొరటుది, దుప్పట్ల పని చేసే మనిషికి అదే నయం. తెల్లది పెట్టుకున్నట్టే ఉండదు, చెవి దగ్గర పెట్టుకుంటే చిన్నపిల్ల పళ్ళు కొరికినట్టు సన్నటి చప్పుడు. నల్లది ముందుకి పోతుంది, తెల్లది కాస్త వెనకబడుతుంది. ఒక్కోసారి విసుర్ల మధ్య రెండు చేతులూ దగ్గరికొచ్చినప్పుడు రెంటినీ చూసుకునేదాన్ని. నచ్చేవి. నచ్చుతున్నాయని తెలియగానే ఒళ్ళు చచ్చిపోయేది. పిల్లాడు అలా పడి ఉంటే తల్లి చేతులు చూసుకుని మురుస్తోందా అని.

శనివారం లాండ్రీకి సెలవు. దుప్పట్లు లేవు, వాచీలు ఆగిపోతే ఎలా అని అదొక బెంగ. వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీంచి లేపి, చంటిపిల్లల్ని ఊపినట్టు ఊపుతున్నాను. ఎదురుగా గుమ్మంలో అబ్బాయి. నీళ్ళ కోసం లేచి వచ్చినట్టున్నాడు. వాడు నన్ను చూశాడు. నేను చేతులు ఒళ్ళోకి దింపేశాను. ఏదో ఒకటి అంటాడనుకున్నాను. నీళ్ళు తాగి, గ్లాసు బోర్లించి, వెళ్ళిపోయాడు.

ఆదివారం పొద్దున్నే తమ్ముడు వచ్చాడు. నేను అప్పటికే వాచీలు తుడిచి, పెట్టెల్లో సర్ది, బల్ల మీద పెట్టి ఉంచాను. చెయ్యి మీద గొలుసు ముద్ర ఇంకా పోలేదు. అది కనబడకుండా చెయ్యి వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను.

తమ్ముడు పెట్టెలు తెరిచాడు. నల్లది చూశాడు. తెల్లది చూశాడు. మళ్ళీ నల్లదాన్ని తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"అక్కా, ఇదేంటి నడుస్తోంది?"

"నడవకూడదా? మంచి వాచీ కదా?" నా గొంతులో గర్వం కూడా ఉంది, చెప్పొద్దూ.

"వారం మధ్యలోనే కదా ఇది తీసి తెల్లది పెట్టుకోవాలి. తీసి ఇన్ని రోజులైతే ఇది ఎప్పుడో ఆగిపోయి ఉండాలి. ఎంతసేపటికి ఆగుతుందో చూడమనే కదా నేను చెప్పింది."

నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. ఆగిపోతే దొరికిపోతానని వారమంతా భయపడ్డాను. ఆగకపోతే దొరికిపోతానని నాకు తట్టనే లేదు.

"అదీ... వాడు నీ మేనల్లుడు కాదురా? రెండూ ఒకేసారి పెట్టుకున్నాడు. ఈ చేతికొకటి, ఆ చేతికొకటి."

తమ్ముడు ఒక్క క్షణం నన్ను చూసి పకపకా నవ్వాడు. "నా బుద్ధే! చెప్పులు నేను కొన్నట్టు! ఒరేయ్ అల్లుడూ, రెండు చేతులకీ పెట్టుకుని ఆఫీసు మీటింగులో కూర్చున్నావట్రా? బాసు ఏమన్నాడు?" అంటూ లేచి గది తలుపు దగ్గరికి వెళ్ళాడు.

"ఉండరా, వాడు నిద్రపోతున్నాడు. వారమంతా పని..."

తలుపు తోసేశాడు. గది వాసన ముందు వచ్చింది. మూసిన కిటికీ, ఉతకని దుప్పటి, తినకుండా వదిలేసిన కంచం. రోజూ తెల్లటి దుప్పట్లు కొండలు కొండలుగా మడతపెట్టే దాని ఇంట్లో, కన్నకొడుకు మంచం మీద అలాంటి దుప్పటి. తల కొట్టేసినట్టయింది.

"అల్లుడూ?"

అబ్బాయి లేచి కూర్చున్నాడు. గడ్డం పెరిగి, చొక్కా నలిగి, వెలుగుకి కళ్ళు చికిలిస్తూ.

"ఒంట్లో బాలేదురా తమ్ముడూ, నిన్నటి నుంచీ కాస్త..." అని అందుకున్నాను.

"నేను వాటిని ముట్టుకోలేదు మామయ్యా," అన్నాడు అబ్బాయి. గొంతు వాడక వాడక బొంగురుపోయింది. "అమ్మ పెట్టుకుంది."

"నిద్రమత్తులో ఏదేదో..."

"ఉద్యోగానికి వెళ్ళడం లేదు. చాలా రోజులైంది. లేవలేకపోతున్నాను."

అంతే. మంచినీళ్ళు కావాలి అన్నంత మామూలుగా అన్నాడు. నేను ఇన్నాళ్ళూ కోటు చేతుల కింద, తలుపు వెనక, ఫోనులో 'ట'ల వెనక దాచినదంతా మూడు ముక్కల్లో బయట పెట్టేశాడు. వాడికి సిగ్గు లేదు. ఉన్నదంతా నాకే ఉంది.

తమ్ముడు తలుపు రెక్క మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. లిఫ్టు తలుపులు చూసీ చూసీ వాడికి ఏ తలుపైనా వేళ్ళతో తడమడం అలవాటు. గడియ ఉండాల్సిన చోట ఖాళీ కన్నాలు వేలికి తగిలాయి. కన్నాల వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. ఆ చూపుకి నేను తల దించుకున్నాను. వాడు మెల్లిగా లోపలికి వెళ్ళి మంచం మీద, అల్లుడి పక్కన, ఆ దుప్పటి మీదే కూర్చున్నాడు.

నేను వంటింట్లోకి వచ్చేశాను. లోపల మాటలు వినబడుతున్నాయి గాని ఏమిటో తెలియడం లేదు. తమ్ముడివి కొన్ని, మధ్య మధ్య అబ్బాయివి. ఊఁ లు కావు, మాటలే. ఇన్నాళ్ళుగా నాకు ఒక్కటి రాలని మాటలు.

చాలాసేపటికి తమ్ముడు బయటికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నాకు చెప్పడానికేమైంది అక్కా?"

"సిగ్గేసిందిరా."

"ఎవరి దగ్గర? నా దగ్గరా?"

"అందరి దగ్గరా."

"వాడి దగ్గర వెయ్యలేదా?" అన్నాడు. కోపంగా అనలేదు. అని ఉంటే బాగుండేది. వాచీ పెట్టెలు రెండూ సంచిలో వేసుకున్నాడు. "ఇవి ఇచ్చేస్తాను. వాచీకి తొందరేం లేదు. డాక్టరు సంగతి నేను కనుక్కుంటా."

"ఏ డాక్టరు?"

"మనసుకి చూసే డాక్టరు."

"మెల్లిగా అనరా. కింద వాళ్ళు వింటారు."

అన్నాక గాని ఏమన్నానో నాకే తెలియలేదు. తమ్ముడు మెట్లు దిగిపోయాడు.

వాడు వెళ్ళాక ఎక్కడ లేని కోపం వచ్చింది. కంచంలో అన్నం పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళాను.

"పరువు తీశావు కదరా. వాడి ముందు. నేనేదో చెప్పుకుంటున్నాను కదా, మధ్యలో నీకెందుకు?"

అబ్బాయి కంచం వైపు చూశాడు. "వాచీలంటే నీకిష్టమేమో అనుకున్నానమ్మా."

"నాకా? నాకెందుకురా వాచీలు? నీ కోసం కాదూ అంత పాటు పడింది?"

"పొద్దున్నే వచ్చి తీసుకునేదానివి. చెవి దగ్గర పెట్టుకుని వినేదానివి. వంటింట్లో కూర్చుని ఊపేదానివి. చూస్తూనే ఉన్నాను. నా దగ్గరికి మాత్రం గుమ్మం దాకానే వచ్చేదానివి. ఇప్పుడు కూడా అక్కడే నిలబడ్డావు."

కిందికి చూసుకున్నాను. నిజమే. నా కాలివేళ్ళు గుమ్మం ఇవతలే ఉన్నాయి. లోపలికి వెళ్ళాలంటే భయం. దగ్గరగా చూస్తే ఏం కనబడుతుందోనని, ముట్టుకుంటే ఏం తెలుస్తుందోనని. ఊపిరి ఉందో లేదో దూరం నుంచి చూసుకుని వెళ్ళిపోయేదాన్ని. ఇనప ముక్కల్ని రెండు చేతులా ఊపిన దాన్ని, పిల్లాడి భుజం మీద ఒక చెయ్యి వెయ్యలేదు. ఆ క్షణంలో నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. తమ్ముడి ముందు పడిన సిగ్గు దీని ముందు ఏపాటిది?

లోపలికి వెళ్ళి కంచం బల్ల మీద పెట్టాను. ఏం చెయ్యాలో తెలియక ముందు కిటికీ తెరిచాను. తర్వాత వాడి వీపు మీద చెయ్యి వేశాను. ఎముకలు తగిలాయి. నేను అనుకున్నదాని కంటే చాలా చిక్కిపోయాడు.

"దుప్పటి తీసెయ్యనా?" అన్నాను. అంతకంటే మాట దొరకలేదు.

"తియ్యి," అన్నాడు.

తమ్ముడు కనుక్కున్న డాక్టరు ఒక ఆస్పత్రి పైఅంతస్తులో కూర్చుంటారు. అబ్బాయి గడ్డం గీసుకోలేదు గాని స్నానం చేశాడు. మెట్లు దిగడానికి రెండుచోట్ల ఆగాడు. తమ్ముడు కింద బండి పార్కు చేసి వస్తానన్నాడు. మేమిద్దరం వరండాలో బల్ల మీద కూర్చున్నాం. గోడ మీద ఇది ఏ విభాగమో పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఆ అక్షరాల కింద కూర్చోవడం నా వల్ల కాక కాస్త పక్కకి జరిగాను. అంతలో లాండ్రీలో ఇస్త్రీ దగ్గర పనిచేసే ఆవిడ, చేతికి కట్టు కట్టించుకుని, మెట్ల వైపు పోతూ కనబడింది. నేను చటుక్కున తల తిప్పుకుని సంచిలో ఏదో వెతుకుతున్నట్టు నటించాను. ఆవిడ వెళ్ళిపోయాక తలెత్తితే అబ్బాయి నన్నే చూస్తున్నాడు.

"కావాలంటే నువ్వు కింద మామయ్య దగ్గర కూర్చో అమ్మా. నేను వెళ్ళొస్తాను."

ఎగతాళికి అనలేదు. నా కష్టం చూసి నిజంగానే అన్నాడు. చెంప మీద కొట్టినా అంత మండి ఉండేది కాదు.

"వద్దు. నేనూ వస్తాను," అన్నాను.

డాక్టరు ఆవిడ. నా కంటే చాలా చిన్న. ముందు నీళ్ళు ఇప్పించి, "ఏంటమ్మా, ఎలా మొదలైంది?" అంది. మా ఇద్దరిలో ఎవరి వైపూ ప్రత్యేకంగా చూడలేదు.

నా నాలుక మీద అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఆఫీసులో పని ఎక్కువండీ. ఎవరో ఏదో అని ఉంటారండీ. వాడు చాలా మంచివాడండీ, మా ఇంట్లో ఇలాంటివి లేవండీ. నోరు తెరిచాను. పక్కన అబ్బాయి కూడా అప్పుడే గొంతు సవరించుకుని, నేను తెరవడం చూసి ఆగాడు. ఆ ఆగడం వాడికి ఎంత అలవాటో అప్పుడు కనబడింది.

"వాడే చెబుతాడండీ," అన్నాను.

అబ్బాయి బల్ల అంచు చూస్తూ అన్నాడు.

"ఆఫీసులో ఏమీ జరగలేదండీ. ఏదైనా జరిగి ఉంటే చెప్పడం తేలికయ్యేది. ఒకరి ఇల్లు గీస్తున్నాను. వంటగది గోడ గీత సగం వరకూ వచ్చింది. మిగతా సగం గియ్యలేకపోయాను. చెయ్యి బాగానే ఉంది. గియ్యాలనిపించలేదు. సాయంత్రం దాకా ఆ సగం గీతనే చూస్తూ కూర్చున్నాను. అలా చాలా రోజులు. తర్వాత లేచి ఇంటికి వచ్చేశాను."

"ఇంట్లో ఎవరికైనా చెప్పారా అప్పుడు?"

"మర్నాడు అమ్మకి చెబుదామనుకున్నాను. లేచి బయటికి వచ్చేసరికి అమ్మ ఆఫీసుకి ఫోను చేసి నాకు విషజ్వరమని చెబుతోంది. ఎంత బాగా చెప్పిందంటే, వింటుంటే నాకే నిజమనిపించింది. ఇక వేరే చెప్పడానికేం లేదనిపించి వెళ్ళి పడుకున్నాను."

ముఖం కాలిపోయింది. అవును, చేశాను. బాగానే చెప్పాను. టెంపరేచరు ఎంతో కూడా చెప్పాను. అది వాడి మంచి కోసమేనని, ఉద్యోగం పోకూడదనేనని ఆవిడకి చెప్పాలని ప్రాణం కొట్టుకుంది. డాక్టరు నా వైపు చూసింది, ఏమైనా అంటానేమోనని. నేను రెండు చేతులూ ఒళ్ళో గట్టిగా పట్టుకుని, తల అడ్డంగా ఊపాను.

"తర్వాత?" అని ఆవిడ అబ్బాయిని అడిగింది.

వాడు చెప్పడం మొదలుపెట్టాడు.